ఎక్కితేనే మిగతా సగం

పత్రికల జిల్లా పేజీల్లో పర్వతారోహకుల గురించి వచ్చే వార్తలకు ఒక మూస ఏర్పడిపోయింది. శిఖరం పేరు, దాని ఎత్తు, రెపరెపలాడే జెండా, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక యువకుడో యువతో, ఆపైన ఒక విశేషణం. ఆ విశేషణమే వార్తకు ప్రాణం. అతి పిన్న వయసు, అతి తక్కువ రోజులు, రాష్ట్రం నుంచి తొలి వ్యక్తి, ఉత్తరాంధ్ర నుంచి తొలి మహిళ. ఇవేవీ కుదరకపోతే ఫలానా జాతీయ పండుగ నాడు ఫలానా శిఖరం మీద అతి పెద్ద జెండా. కిలిమంజారోకు జనవరి 26, ఎల్బ్రస్‌కు ఆగస్టు 15 మనవాళ్ళు పెట్టుకున్న ముహూర్తాలు. రష్యాలో ఎల్బ్రస్ ఉన్న కాకసస్ కొండల వాతావరణానికి మన ముహూర్తాలతో పని లేదు. 2021 సెప్టెంబరులో అదే ఎల్బ్రస్ మీద, అందరూ సులువైనదని చెప్పుకునే ఆ కొండ మీదే, మంచు తుఫానులో చిక్కుకుని ఒకే బృందంలో ఐదుగురు చనిపోయారు.

ఇన్ని వార్తలు చదివాను గాని, శిఖరం ఇక కొద్ది దూరంలో ఉందనగా గాలి పెరిగిందని వెనక్కి వచ్చేసిన జిల్లా యువకుడి గురించి ఒక్క వార్త కూడా నాకు కనిపించలేదు. అలా వచ్చేసినవారు లేకపోవడం అసాధ్యం. కొండ ఎక్కేవారిలో ఏటా ఎంతోమంది మధ్యలో తిరిగి వస్తూనే ఉంటారు. డార్జిలింగ్‌లోనో ఉత్తరకాశిలోనో 28 రోజుల ప్రాథమిక శిక్షణకు వెళ్ళినవారికి ఎక్కడ ఆగాలో, ఎప్పుడు దిగాలో కూడా నేర్పుతారు. మన దాకా వచ్చేసరికి ఆ సగం పాఠం రాలిపోతోంది.

రికార్డుల కోసం కొండలెక్కే పిల్లలను చూసి కొందరు పిచ్చి అంటారు, కొందరు ఆకాశానికెత్తుతారు. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. రికార్డు కోరుకోవడంలో తప్పు లేదు. ఆ రికార్డును మనం కొనే పద్ధతిలో తప్పుంది. చేరితేనే డబ్బు, చేరితేనే సన్మానం, చేరితేనే ఉద్యోగం అన్న షరతుతో మనం ఇచ్చే ప్రోత్సాహం, కొండ మీద ఆ మనిషి స్వేచ్ఛగా తీసుకోవలసిన ఒకే ఒక్క నిర్ణయాన్ని, అతను ఇంకా రైలెక్కకముందే, ఇక్కడ మన ఊళ్ళోనే తీసేసుకుంటోంది.

కోరుకొండ నుంచి చూస్తే

విజయనగరం వాళ్ళం ఈ సంగతి మాట్లాడటానికి కొంత హక్కున్నవాళ్ళం. పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు పుట్టింది నెల్లూరు జిల్లాలోనైనా, చదివింది మన కోరుకొండ సైనిక పాఠశాలలో. ఆయనకంటే ముందు అదే బడిలో చదివిన లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కరరావు, 1985లో భారత సైన్యం చేపట్టిన ఎవరెస్టు యాత్రలో ప్రాణాలు కోల్పోయిన ఐదుగురు అధికారుల్లో ఒకరు. మస్తాన్ బాబుకు కొండల మీదికి మనసు మళ్ళింది ఆ సీనియర్ కథ వల్లనే. తిరిగి రాని మనిషిని చూసి భయపడకుండా ఆ దారే పట్టిన పిల్లవాడి మనసును, రెండు మెట్లు ఎక్కగానే మోకాలు పట్టుకునే నాబోటివాడు పూర్తిగా అర్థం చేసుకోగలడని నేననుకోను. అందుకే ఆ ఆకర్షణను తప్పుపట్టే పని పెట్టుకోలేదు.

2006లో ఆయన ఏడు ఖండాల్లో ఒక్కోదానిలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్‌తో మొదలుపెట్టి, ఫిబ్రవరి 17న దక్షిణ అమెరికాలోని అకొంకాగువా, మార్చి 15న కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలోని కోజియస్కో, మే 21న ఎవరెస్టు, జూన్ 13న ఎల్బ్రస్, జులై 10న డెనాలీ. ఆ ఏడాది కేలండరు తీసి చూస్తే ఇవి వరుసగా గురువారం, శుక్రవారం, బుధవారం, శనివారం, ఆదివారం, మంగళవారం, సోమవారం. వారంలో ఏ రోజూ రెండుసార్లు రాలేదు, ఏ రోజూ మిగల్లేదు. ఇంత అందమైన లెక్క చూస్తే ఎవరికైనా ముచ్చట వేస్తుంది, నాకూ వేస్తుంది. ఆ లెక్కలో ఎంత మన ఇష్టంతో చేసుకున్న ఏర్పాటో కూడా గుర్తుంచుకోవాలి. ఏడు శిఖరాల జాబితాను 1985లో మొదట పూర్తి చేసిన అమెరికన్ రిచర్డ్ బాస్ తన జాబితాలో పెట్టుకున్న కోజియస్కో ఎత్తు 2228 మీటర్లు. దాని మీదికి నడిచి వెళ్ళిపోవచ్చు. దాని బదులు న్యూగినీ దీవిలోని కార్‌స్టెన్జ్ పిరమిడ్‌ను లెక్కించాలని వాదించేవారి జాబితా వేరు. అది 4884 మీటర్ల రాతి శిఖరం, చేతులతో పట్టుకుని పాకవలసింది. ఒకే బిరుదుకు రెండు జాబితాలున్నాయి, అయినా అది బిరుదే.

2015 మార్చి 24 తర్వాత ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఉన్న ఆయన జాడ తెలియకుండా పోయింది. ఏప్రిల్ 3న దేహం దొరికింది. ఆయన వయసు నలభై. రికార్డుల వ్యామోహానికి ఇదే ఫలితమని అప్పట్లో నా ముందే ఒక పెద్దమనిషి అన్నాడు. అది అన్యాయమైన మాట. ఐఐటీ, ఐఐఎం చదువులు చదివి, ఏ పనైనా చేసుకోగల స్థితిలో ఉండి కొండలను ఎంచుకున్న మనిషి తెలివితక్కువగా వ్యామోహంలో పడ్డాడనడం, ఏమీ తెలియకుండా తీర్పు చెప్పడమే. నా బెంగ మస్తాన్ బాబు లాంటి వారి గురించి కాదు. వాళ్ళను చూసి బయలుదేరుతున్న, ఆ చదువూ ఆ వెసులుబాటూ లేని పిల్లల గురించి.

చందాల సమావేశం

అలాంటి ఒక కుర్రవాడి కోసం ఆ మధ్య విజయనగరంలో ఒక చిన్న సమావేశం జరిగింది. మా జిల్లాలోని ఒక పల్లెవాడు, డిగ్రీ చదువుతున్నాడు, తండ్రి లేడు. పర్వతారోహణలో ప్రాథమిక శిక్షణ, ఆపై అడ్వాన్స్‌డ్ కోర్సు పూర్తి చేశాడు, కిలిమంజారో ఎక్కి వచ్చాడు. ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కాలి, రాష్ట్రం నుంచి ఆ పని చేసిన అతి పిన్న వయస్కుడు కావాలి అన్నది వాడి కోరిక. పాత శిష్యుడొకడు రమ్మంటే నేనూ వెళ్ళాను. ఒక రైసు మిల్లు యజమాని, ఇద్దరు ముగ్గురు ప్రైవేటు స్కూళ్ళ వాళ్ళు, ఒక బంగారం దుకాణం ఆయన, విశ్రాంత ఉద్యోగులు కొందరు. అందరూ మంచివాళ్ళే, చేతి సొమ్ము తీసి ఇవ్వడానికి వచ్చినవాళ్ళు.

ఎల్బ్రస్ యాత్రకు అంచనా వేశారు. సగం ఇప్పుడు ఇస్తామన్నారు. మిగతా సగం ఎక్కి, జెండా పట్టుకుని ఫొటో దిగి, సర్టిఫికెట్ తెచ్చిన తర్వాత. వ్యాపారంలో ఉన్నవారికి ఇది సహజమైన ఏర్పాటు, పని పూర్తయ్యాక బాకీ తీర్చడం. అక్కడెవరికీ ఇందులో తప్పేమీ కనిపించలేదు. ఆ కుర్రవాడు కూడా తల ఊపాడు. సగం సొమ్ముకు అప్పు తెచ్చి వెళ్తాడన్నమాట, ఎక్కితే తీరుతుంది.

వాళ్ళమ్మ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని వింటోంది. కిలిమంజారో బూట్లకు, చలి దుస్తులకు ఆమె డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుందని అప్పటికే నాకు తెలుసు. అందరూ లేస్తుండగా ఆమె ఎవరినీ ఉద్దేశించకుండానే అంది: "సంగంలో తెచ్చిన అప్పు మా గుంటడు ఎక్కినా కట్టాల, ఎక్కకపోయినా కట్టాల. ఈ బావులిచ్చీ డబ్బేటి, ఎక్కితేనే ఇస్తారట?" ఒకరిద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు. అప్పుకు షరతు లేదు, దానానికి షరతు ఉంది. ఈ తిరకాసు చదువుకున్న మా ఎవరి బుర్రకూ తట్టలేదు.

నేను ఆ షరతు తీసేద్దామని ప్రతిపాదించాను. సొమ్ము మొత్తం ముందే ఇవ్వాలి; అందులో రక్షణ బీమా, తిరుగు ప్రయాణం, వాతావరణం కోసం ఆగవలసి వస్తే అదనపు రోజుల ఖర్చు కలిసి ఉండాలి; ఎక్కకుండా వచ్చినా అదే హాల్లో అదే శాలువా కప్పాలి. రైసు మిల్లు ఆయన శ్రద్ధగా విని అడిగాడు: "ఎక్కకుండా వచ్చీస్తే ఫ్లెక్సీ మీద ఏటి రాయించమంటారు మాస్టారూ?" వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అప్పటికి నా దగ్గర సమాధానం లేదు. కాంప్లెక్సు దగ్గర కట్టే ఫ్లెక్సీకి కావలసిన విశేషణం ఏదీ వెనుదిరిగినవాడి దగ్గర ఉండదు.

టీషర్టులు అమ్మిన పిల్లలు

షరతు నోటితో చెప్పకపోయినా పనిచేస్తుందని అనడానికి ఎవరెస్టు చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. డగ్ హాన్సెన్ అనే అమెరికన్ తపాలా ఉద్యోగి, రాత్రిళ్ళు పోస్టాఫీసులో పనిచేసి, పగలు కట్టుబడి పనులకు వెళ్ళి, కూడబెట్టిన డబ్బుతో 1995లో ఎవరెస్టుకు వెళ్ళాడు. శిఖరం కనుచూపు దూరంలో ఉండగా, బృంద నాయకుడు రాబ్ హాల్ పొద్దు పోయిందని వెనక్కి తిప్పాడు. అందరూ ప్రాణాలతో దిగారు. మరుసటి ఏడాది హాన్సెన్ మళ్ళీ వెళ్ళాడు. ఈసారి వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలు టీషర్టులు అమ్మి అతని ఖర్చుకు కొంత డబ్బు పోగుచేసి ఇచ్చారు.

1996 మే 10న వెనుదిరగవలసిన వేళ మధ్యాహ్నం ఒంటిగంట, మహా అయితే రెండు. హాన్సెన్ శిఖరం చేరేసరికి నాలుగు దాటింది. ముందు ఏడాది అతణ్ణి వెనక్కి తిప్పిన హాల్, ఈసారి అతని కోసం పైనే ఆగిపోయాడు. తుఫాను వచ్చింది. ఇద్దరూ దిగలేదు. ఆ ఒక్క తుఫానులో ఎవరెస్టు మీద చనిపోయినవారు ఎనిమిది మంది.

ఆ పిల్లలు ఏ షరతూ పెట్టలేదు. ఎక్కితేనే మిగతా సగం అనలేదు. అయినా రెండోసారి వెళ్ళిన మనిషి మీద, అతణ్ణి రెండోసారి తీసుకువెళ్ళిన నాయకుడి మీద, ఇచ్చినవాళ్ళకు ముఖం ఎలా చూపించాలన్న బరువు ఎంతో కొంత పడి ఉండదా? ఒకరి మనసులోకి తొంగి చూసి ఇదే కారణమని చెప్పే అధికారం నాకు లేదు. అంత ఎత్తులో గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో మూడో వంతే, ఆలోచనే మందగిస్తుంది. అక్కడ సరైన నిర్ణయం తీసుకోవడం మనిషి వల్ల కాని పని కాబట్టే నిర్ణయాన్ని ముందుగానే, కిందనే, గడియారంతో ముడిపెట్టి ఉంచుతారు. ఆ గడియారానికి ఎదురుగా మనం డబ్బు పెట్టకూడదు అన్నంత వరకే నా వాదన.

2023 అక్టోబరు 7న టిబెట్‌లోని శిషాపంగ్మా మీద జరిగినది ఇంకా స్పష్టంగా చెబుతుంది. ప్రపంచంలో ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాలు పద్నాలుగు. వాటన్నిటినీ ఎక్కిన తొలి అమెరికన్ మహిళ కావాలని అన్నా గుటు, జీనా రుజుసిడ్లో పోటీ పడ్డారు. ఇద్దరికీ మిగిలింది ఆ ఒక్క శిఖరమే, ఇద్దరూ ఒకే రోజు వేర్వేరు బృందాలతో దాని మీద ఉన్నారు. రెండు హిమపాతాలు వచ్చాయి. ఇద్దరూ, వారితో ఉన్న గైడ్లు మింగ్మార్ షెర్పా, తెంజెన్ షెర్పా చనిపోయారు. తెంజెన్ అంతకు రెండు నెలల పది రోజుల ముందే నార్వేకు చెందిన క్రిస్టిన్ హరిలాతో కలిసి పద్నాలుగు శిఖరాలనూ 92 రోజుల్లో పూర్తి చేసిన మనిషి. "తొలి" అన్న మాటకు రెండో స్థానం లేదు. ఒక రోజు ఆగి ఎక్కితే ఎక్కినట్టే గాని, తొలి కాదు.

రికార్డు లేకపోతే డబ్బెక్కడిది?

నా వాదనకు గట్టి అడ్డు వచ్చే ప్రశ్న ఇదే, దీన్ని తేలిగ్గా దాటెయ్యలేను. సముద్రమట్టానికి అటూఇటూగా ఉండే ఊరి నుంచి, చుట్టుపక్కల ఎత్తయిన కొండ అంటే 1501 మీటర్ల మహేంద్రగిరిని చెప్పుకునే ప్రాంతం నుంచి, మంచు ఫ్రిజ్‌లో తప్ప చూడని కుర్రవాడు పైకి రావాలంటే ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి. ఎవరెస్టుకు నేపాల్ ప్రభుత్వం వసూలు చేసే అనుమతి రుసుమే 2025 సెప్టెంబరు నుంచి మనిషికి 15,000 డాలర్లు. ఊరికే కొండలంటే ఇష్టం అని చెప్పుకుంటే ఎవరూ పది రూపాయలివ్వరు. ఏదో ఒక "అతి" చేర్చాలి. ఉన్నవాడికి కొండ సరదా, లేనివాడికి రికార్డే టికెట్టు. రికార్డులను వెక్కిరించడం చివరికి పేద పిల్లలను కొండ నుంచి దింపెయ్యడమే అవుతుందని నా శిష్యుడు వాదించాడు. నిజమే.

మాలావత్ పూర్ణ ఉదాహరణ కూడా అతనే చెప్పాడు. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతున్న ఆ గిరిజన బాలిక ఎవరెస్టు ఎక్కింది. ఆ రోజు ఆమెతో పాటు ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. పదహారేళ్ళు నిండనివారిని నేపాల్ అనుమతించదు కాబట్టి టిబెట్ వైపు నుంచి వెళ్ళారు. ఎవరెస్టు ఎక్కిన బాలికల్లో అతి చిన్న వయసు అన్న ఆ ఒక్క మాట లేకపోతే, హాస్టలు పిల్లలు ఏం చేయగలరో దేశానికి అంత గట్టిగా వినిపించేది కాదు. ఆ వయసు పిల్లలను అంత ఎత్తుకు పంపడం సరేనా అన్న అనుమానం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ ఘనత అవసరం లేనిదని మాత్రం అనలేను.

అయితే అక్కడ డబ్బు ఏ పద్ధతిలో వచ్చిందో చూడండి. భువనగిరి గుట్ట మీద మొదలై డార్జిలింగ్, లడఖ్ దాకా సాగిన శిక్షణలో చాలామందిని వడపోసి చివరికి ఇద్దరిని ఎంపిక చేశారు. ఖర్చు ప్రభుత్వానిది. పూర్ణ సగంలో వెనుదిరిగి ఉంటే ఆమె తల్లిదండ్రుల మీద రూపాయి అప్పు మిగిలేది కాదు. బడిలో ఆమె సీటు పోయేది కాదు. రికార్డు వచ్చింది, కానీ డబ్బు రికార్డుకు తాకట్టు పడలేదు. శిష్యుడు నాకు ఎదురుగా తెచ్చిన ఉదాహరణే నా మాటను బలపరుస్తోందని నేనంటే, ప్రభుత్వం చేసినది చందాలతో ఎలా సాధ్యమని అడిగాడు. సగం మందికి మొత్తం ఇవ్వడం, అందరికీ సగం ఇవ్వడం కంటే మేలు అన్నాను. ఎల్బ్రస్‌కూ అకొంకాగువాకూ కలిపి సగం సగం ఇచ్చే బదులు, ఈ ఏడాది ఒకదానికే పూర్తిగా ఇవ్వండి. రెండోది వాయిదా పడితే "అతి పిన్న వయసు" దాటిపోతుంది, నిజమే. దాటిపోనివ్వండి.

మరి షరతు లేకపోతే మోసం జరగదా అన్నది బంగారం దుకాణం ఆయన సందేహం. డబ్బు తీసుకుని ఎక్కడో ఆగిపోయి వచ్చేస్తే? మోసం ఎక్కడ పుట్టిందో చరిత్ర చూస్తే తెలుస్తుంది. 2016లో ఎవరెస్టు ఎక్కామని చెప్పుకున్న పుణె పోలీసు దంపతుల ఫొటోలు మార్చినవని తేలి, నేపాల్ ప్రభుత్వం వారి సర్టిఫికెట్లు రద్దు చేసి పదేళ్ళ పాటు నిషేధించింది. వెనుదిరిగి వచ్చేసినందుకు ఎవరూ ఫొటోలు మార్చరు. ఫొటోకు డబ్బిస్తామన్న చోటే ఫొటో తయారవుతుంది.

డబ్బు కొడితే సర్టిఫికెట్ ఇచ్చే రికార్డు పుస్తకాల సంగతి నేను ఎత్తదలచుకోలేదు. దాని గురించి రాస్తే వేరే వ్యాసం అవుతుంది, అంత విలువా వాటికి లేదు.

డోలీలు మోస్తున్న చోట

ఇంకొక అభ్యంతరం ఉంది, అది విన్నప్పుడు మాత్రం సమావేశంలో కొంతసేపు నిశ్శబ్దం. ఒక విశ్రాంత ఆరోగ్య శాఖ ఉద్యోగి అన్నాడు: సాలూరు కొండల మీద, సీతంపేట ఏజెన్సీలో, రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను ఇంకా డోలీ కట్టి మోసుకొస్తున్నారు, ఆ మోసేవాళ్ళు ఎక్కే కొండకు ఏ లెక్కా లేదు, మనం రష్యాలోని కొండకు లక్షలు పోగుచేస్తున్నాం. ఆయన ఆ ప్రాంతంలో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు, మాటలో దెప్పిపొడుపు లేదు.

రోడ్డు వెయ్యడం ప్రభుత్వం పని, మనం ఈ చందా మానేస్తే ఆ రోడ్డు పడదు అన్న జవాబు సరైనదే, నేనూ అదే చెప్పాను. చెప్పాక నాకే తృప్తి కలగలేదు. ఎందుకంటే ఆయన మాటలో ఇంకో అర్థం ఉంది: కొండ మీద బరువు మోసేవాడు ఎప్పుడూ లెక్కలోకి రాడు. మన పైడితల్లి సిరిమాను మీద కూర్చున్న పూజారికి లక్షల చేతులు మొక్కుతాయి, కింద ఆ మాను బండిని లాగుతూ చెమట కక్కేవాళ్ళ ముఖాలు ఎవరికీ కనిపించవు. పెద్ద శిఖరాల మీదా అంతే. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు కింద ఖుంబు మంచుపాతంలో పదహారు మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ఇతరుల కోసం దారి సిద్ధం చేస్తూ, సామాను మోస్తూ ఉన్నవాళ్ళు. 2023 జులై 27న పాకిస్తాన్ వైపు కే2 శిఖరం మీద, హరిలా రికార్డు పూర్తయిన రోజునే, ముహమ్మద్ హసన్ అనే పాకిస్తానీ పోర్టరు ఇరుకు దారిలో పడిపోయి గంటల తరబడి ప్రాణాలతో కొట్టుకుంటుండగా, చాలామంది ఆరోహకులు అతణ్ణి దాటుకుని వెళ్ళారు. సహాయానికి ప్రయత్నించామని హరిలా చెప్పింది. ఆమె ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం నాకు న్యాయంగా తోచదు. అన్ని బృందాలు, అన్ని ఆర్భాటాలు, అంత డబ్బు ఒకే రోజు పైకి పోతున్నప్పుడు, ఆగి కిందికి దిగడం ఎవరికీ గిట్టుబాటు కాలేదు.

అందుకే నేను అడిగిన షరతులేని చందా ఆరోహకుడికి మాత్రమే సంబంధించినది కాదు. వెనుదిరగగలిగిన వాడే పక్కవాడి కోసం ఆగగలడు. 2024 అక్టోబరులో పద్దెనిమిదేళ్ళ నిమా రింజీ షెర్పా పద్నాలుగు శిఖరాలూ ఎక్కిన అతి పిన్న వయస్కుడయ్యాడు. షెర్పాలంటే మోసేవాళ్ళు మాత్రమే కాదని నిరూపించడానికే ఎక్కానన్నాడు. రికార్డు అన్న మాటకు నేను పూర్తిగా ఎదురు తిరగకపోవడానికి పూర్ణతో పాటు అతనూ ఒక కారణం.

137.5 కిలోలు

సమావేశం తర్వాత ఆ కుర్రవాడు నాతో కొంత దూరం నడిచాడు. అక్కడ అందరి ముందు చెప్పలేని మాట ఒకటి చెప్పాడు. "షరతు ఉంటేనే మంచిది సార్. లేకపోతే నాకు భయం వేసిన మొదటిచోటే ఆగిపోతానేమో." ఇంత నిజాయితీగల మాట ఆ రోజు ఇంకెవరూ అనలేదు. దీనికి నేను తడుముకున్నాను కూడా. మనిషిని ముందుకు తోసేది ఏదో ఒకటి ఉండాలి కదా. పరీక్ష ఫీజు కట్టేశాం కాబట్టే చదివే విద్యార్థులను జీవితమంతా చూసినవాణ్ణి నేను.

నేనతనికి కరణం మల్లీశ్వరి సంగతి గుర్తుచేశాను. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్ళిన ఆమె 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిందని అందరికీ తెలుసు. ఆఖరి ప్రయత్నంలో బంగారం కోసం 137.5 కిలోలకు వెళ్ళి ఎత్తలేకపోయిందన్నది అంతగా చెప్పుకోరు. ఆమె పిరికిగా ఆగలేదు, తెగించింది. బరువు నేల మీద పడింది, ఆమె పతకంతో ఇంటికి వచ్చింది. వెయిట్‌లిఫ్టర్ల ఊరైన మన కొండవెలగాడ కుర్రాళ్ళను అడిగినా చెబుతారు, మూడు ప్రయత్నాలూ ఆటలో భాగమే, పడిపోయిన బరువుకు ఎవరూ సంజాయిషీ అడగరు. తెగింపు పనికివచ్చేది ఓడినా బతికే చోట. శిఖరం మీద ఆ వెసులుబాటు ఆటలో లేదు గనక, బయట నుంచి మనం ఇవ్వాలి.

భయం వేసిన మొదటిచోటే ఆగిపోతావన్న సందేహం నీకుంటే, అన్నాను, ఆ భయం నిజమైనదో కాదో తేల్చవలసింది మా చందా కాదు, నీతో ఉన్న గైడు. అమెరికన్ ఆరోహకుడు ఎడ్ వీస్టర్స్ 1987లో ఎవరెస్టు శిఖరానికి వంద మీటర్ల కింద నుంచి వెనక్కి వచ్చినవాడు, అన్నపూర్ణ మీద రెండుసార్లు వెనుదిరిగి 2005లో మూడోసారి ఎక్కినవాడు. పద్నాలుగు శిఖరాల తొలి ఆరోహకుడిగా ఇటలీకి చెందిన రైన్‌హోల్డ్ మెస్నర్ పేరు తీసి 2023లో గిన్నిస్ వారు తన పేరు పెడితే, తొలివాడు మెస్నరే అని ఆ ఘనతను తనే కాదన్నాడు. ఆగడం పిరికితనమైతే అతను పద్నాలుగూ ఎలా ఎక్కాడు? కుర్రవాడు జవాబు చెప్పలేదు. ఒప్పుకున్నాడో, పెద్దాయనని ఊరుకున్నాడో తెలియదు.

తర్వాత కుదిరిన ఒప్పందం నేను అడిగినది కాదు, వాళ్ళు అన్నదీ కాదు. ఎల్బ్రస్ ఖర్చు మొత్తం ముందే ఇవ్వడానికి ఒప్పుకున్నారు, బీమాతో సహా. అకొంకాగువా ఊసు ఇప్పుడు లేదు. వెనుదిరగవలసిన వేళను గైడు నిర్ణయిస్తాడని, ఆ వేళ దాటి పైకి వెళ్తే, శిఖరం చేరినా సరే, సన్మానం ఉండదని కుర్రవాడు ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. ఈ ఆఖరి నిబంధన రైసు మిల్లు ఆయనే చేర్పించాడు, నేను ఊహించలేదు. ఆగస్టు 15 ముహూర్తం మాత్రం వదులుకోలేదు. ఆ తేదీ గురించి మా మధ్య వాదన ఇంకా నడుస్తోంది.